పులుసు వెనక అగరొత్తులు

బందరు దగ్గర గిలకలదిండిలో కల్పన పెట్టిన మెస్సు నెలాఖరుకు మూతపడేలా ఉంది. అందుకే ఒక టీవీ వంటల కార్యక్రమం వాళ్ళు ఆమె అత్తగారు వెంకాయమ్మ చేతి పండుగప్ప చేపల పులుసు చూపిస్తామనగానే ఎగిరి గంతేసింది. ఉదయం ఎనిమిదికి వచ్చి పదికల్లా వెళ్ళిపోతామని, జనం పోగవుతారు కాబట్టి ఎవరికీ చెప్పవద్దని అన్నారు. పులుసు ముక్కకు పట్టాలంటే ఒక రాత్రి గడవాలని వెంకాయమ్మ ముందురోజే డేగిసా నిండా వండి పెట్టింది.

వచ్చినవాళ్ళు ఇల్లంతా తారుమారు చేశారు. ఎండ పడకుండా వాకిట్లో షామియానా కట్టి కుర్చీలు వేశారు. చప్పుడని ఫ్యాన్లు ఆపారు. చల్లారిన పులుసు టీవీలో పొగలు కక్కాలట, గిన్నె వెనక అగరొత్తులు వెలిగించారు. వెంకాయమ్మ ముఖానికి పౌడరు దట్టించి, తన వంతు వచ్చేదాకా అది చెదరకుండా కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చోమన్నారు. దర్శకుడు అనిల్ కుమార్ ఎవరూ మాట్లాడవద్దన్నాడు.

పక్కింటి భానుమతి కరివేపాకు కోసం వచ్చింది అప్పుడే. తలుపు చాటున ఉన్న కెమెరా ఆమెకు కనబడలేదు. షామియానా, అగరొత్తులు, కుర్చీలో తెల్లగా వెంకాయమ్మ, చుట్టూ నోరు మెదపని మనుషులు కనబడ్డారు. ఇంకేం కావాలి? అటునుంచి అటే హార్బరుకు పరుగెత్తి కబురు చెప్పింది. చేపల వేలంపాట సగంలో ఆగిపోయింది.

ఇక్కడ యాంకర్ అపూర్వ పదకొండుసార్లు చెంచా నోట్లో పెట్టుకుని పదకొండుసార్లు "ఆహా" అంది. ఒక్కటీ నిజమనిపించలేదని అనిల్ కుమార్ తలపట్టుకున్నాడు. ఇలాగైతే ప్రసారం చేయలేమని చెప్పేసరికి కల్పన ఇంకొక్కసారి తీయమని బతిమాలింది.

ఇంతలో ఇరవైమంది పూలదండలతో, ఏడుపులతో లోపలికి వచ్చారు. వెంకాయమ్మ కళ్ళు తెరిచింది.

"ఎవరు పోయార్రా?"

"నువ్వే పిన్నీ," అన్నాడు బోటు మీద పనిచేసే హనోకు.

అంతే, ఏడుపు రెండింతలైంది. ఈసారి సంతోషంతో. తల్లి పోయిన రోజున తనకు అన్నం కలిపి పెట్టింది ఈ పిన్నేనని, ఆ చేతి పులుసు ఇక దొరకదనుకున్నానని హనోకు వెక్కుతూ చెప్పాడు. మిగతావాళ్ళూ తలో మాటా చెప్పారు. వెంకాయమ్మ అందరికీ పులుసన్నం వడ్డించింది.

"పోయాక చెప్పుకునే మాటలు బతికుండగానే విన్నాను. దేవుడు చల్లనివాడు," అంటూ పౌడరు మీదుగా కళ్ళు తుడుచుకుంది. కెమెరామన్ కెమెరా ఆపలేదు.

ఆదివారం కార్యక్రమం వచ్చింది. అపూర్వ ఒక్క చెంచా నోట్లో పెట్టుకుంది. మరుక్షణం ఇరవైమంది వలవలా ఏడుస్తూ పులుసన్నం తింటున్నారు. కింద పెద్ద అక్షరాలు: "కన్నీళ్ళు తెప్పించే బందరు పులుసు."

సోమవారం నుంచి మెస్సులో కూర్చోవడానికి చోటు లేదు. కల్పన కృతజ్ఞతగా భానుమతికి రోజూ క్యారేజీ పంపుతోంది.

మొన్న గుడివాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన రెండు ప్లేట్లు తిని నిష్ఠూరంగా అడిగాడు. "బాగానే ఉందిగానీ, నాకు ఏడుపు రావట్లేదేంటమ్మా?"

కల్పన ఆయన ముందు కత్తిపీట, రెండు ఉల్లిపాయలు పెట్టింది.