పెద్దల వాటా పోను మిగిలిన బీరు

ఇకమీదట జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల నుంచి ఒక్క మనిషి కూడా పొట్ట చేతపట్టుకుని గల్ఫ్‌కు పోనక్కర్లేదని, అందుకు కావలసిన ఏర్పాటంతా ఒక పీపాలో ఉందని మంత్రి చంద్రమౌళి గారు ప్రకటించారు. పీపాలో ఏముందని విలేకరులు అడిగారు. బీరు ఉందని మంత్రిగారు దాపరికం లేకుండా చెప్పారు. ఏ విషయాన్నైనా ముందు ప్రజల ముందు పెట్టేయడం ఆయనకు మొదటి నుంచీ అలవాటు. అది అయ్యే పనా కాదా అన్నది తర్వాత తీరిగ్గా చూసుకుంటారు.

పథకం పేరు ‘వలసకు సెలవు’. సిరిసిల్లలో మూతబడిన ఒక మరమగ్గాల షెడ్డును బీరు కంపెనీకి అప్పగిస్తారు. కంపెనీ అందులో ఓక్ చెక్క పీపాలు పేర్చి, బ్రౌన్ ఏల్ అనే ముదురు రంగు ఘాటు బీరును వాటిలో నింపి, ఏడాది పాటు కదిలించకుండా ఉంచుతుంది. చెక్క వాసన పట్టి బీరుకు రుచి, ధర రెండూ పెరుగుతాయి. పీపాలకు కాపలా ఉండడానికి, రుచి చూడడానికి గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్ళనే తీసుకుంటారు. ఏడాది పాటు ఏమీ చేయకుండా ఒకచోట ఉంచడమే ఇందులో ప్రధానమైన పని కాబట్టి పథకం ప్రభుత్వానికి బాగా నచ్చింది.

కోరుట్ల పరశురాములుకు ఇంకా బాగా నచ్చింది. అతని తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. పరశురాములు తాటిచెట్టు బదులు విమానం ఎక్కి దుబాయ్‌లో కాంక్రీటుకు చెక్కలు బిగించే షటరింగ్ పని చేశాడు. తిరిగొచ్చాక మంత్రిగారి పార్టీలో చేరి ఫ్లెక్సీలు కట్టాడు. అతని భార్య ప్రేమలత బీడీలు చుడుతుంది. బిడ్డ గీత తండ్రిని ఫోన్లో చూసే పెరిగింది. ఇప్పుడు తండ్రి ఎదురుగా కూర్చుంటే దానికి మాట పెగలదు. “నువ్వు ఆ అర్రలకు పోయి వీడియో కాల్ చెయ్యి నాయినా, మాట్లాడుత” అంటుంది. పరశురాములు నవ్వుకుంటూ పక్క గదిలోకి వెళ్ళి ఫోన్ చేస్తాడు. నవ్వు మాత్రం ఆ గది గుమ్మం దాకానే ఉంటుంది.

అందుకే మంత్రిగారు తనకు ‘స్థానిక రుచి నిపుణుడు’ కొలువు ఇస్తానని మాటివ్వగానే, పరశురాములు తనకు మళ్ళీ దుబాయ్ వీసా తెప్పించిన జగిత్యాల ఏజెంటు దగ్గరికి నేరుగా వెళ్ళాడు.

“నా వీసా ఇంకెవలికన్న ఇయ్యరాదు? నాకు గీడనే కొలువైంది.”

“ఆర్డర్ చేతికచ్చిందా?”

“మంత్రి నోటితోని చెప్పిండు.”

ఏజెంటు అతని వైపు జాలిగా చూశాడు. మంత్రుల నోళ్ళ గురించి ఏమీ అనకుండా, అక్కడే ఫోన్ తీసి ఆ వీసాను గొల్లపల్లి మనిషికి ఖాయం చేశాడు.

కొలువు ఇవ్వడానికి కంపెనీది ఒక్కటే షరతు. ప్రారంభోత్సవం రోజున అందరి ముందూ బీరు రుచి చూసి, అందులో ఏమేమి ఉన్నాయో పరశురాములు చెప్పాలి. కంపెనీ బీరు నిపుణురాలు అలేఖ్య హైదరాబాద్ నుంచి వాట్సాప్‌లో పాఠం పంపింది. ముందు వాసన. తర్వాత చిన్న గుక్క. నాలుక మీద తిప్పాలి, తొందరపడి మింగకూడదు. కాల్చిన బెల్లం, ఎండు ద్రాక్ష, వెనిలా, ఓక్ చెక్క వరుసగా తగలాలి. ఆఖరున ఛాతీలో వెచ్చదనం. పరశురాములు వారం రోజులు పాలు లేని చాయ్‌తో సాధన చేశాడు.

“చాయ్‌ల చెక్క తగిలిందా?” అంది ప్రేమలత.

“తగుల్తంది.”

“పొయ్యిల కట్టెలు పెట్టిన, అందుకే తగులుతది” అని పడీపడీ నవ్వింది. పెళ్ళైనప్పటి నుంచి ఆమె అంతసేపు నవ్వగా పరశురాములు చూడలేదు, చూసేంతకాలం ఇంట్లో ఉంటే కదా.

ప్రారంభోత్సవం ఘనంగా మొదలైంది. షెడ్డులో మగ్గాలు ఎప్పుడో తుక్కు కింద అమ్ముడుపోయాయి. వాటిని బిగించిన బోల్టుల గుంతలు మాత్రం నేలమీద మిగిలాయి. వాటి మధ్య, పూలదండలు వేసుకుని, కంపెనీ బయటి నుంచి తెచ్చిన, ఏడాది ముదిరిన బీరు పీపా ఒకటి కూర్చుంది. మంత్రిగారు ఆంజనేయస్వామి మాలలో ఉన్నారు. కాబట్టి బీరు ముట్టరు. కానీ ప్రజాసేవకు మాల అడ్డు రాకూడదని చేతులకు తెల్లటి గ్లవ్స్ తొడుక్కుని వచ్చారు. ఆ నిష్ఠ చూసి చాలామంది చేతులు జోడించారు.

అలేఖ్య పీపా కుళాయి తిప్పి ఒక వెండి గ్లాసు నింపి పరశురాములు చేతికి ఇచ్చింది. ముదురు గోధుమ రంగు, పైన పల్చటి నురగ. అతను గ్లాసు ఎత్తబోతుంటే కల్లు గీత కార్మికుల సంఘం పెద్ద గంగయ్య లేచాడు.

“ఆగుండ్రి. సాక పొయ్యకుంట నోట్ల పెట్టుడు మా కాడ లేదు.”

తాగే ముందు తొలి చుక్కలు నేలమీద పోసి ఎల్లమ్మ తల్లినీ, పోయిన పెద్దలనూ తలచుకోవడాన్ని అక్కడ సాక పోయడం అంటారు. కల్లుకైనా సారాకైనా అది తప్పదు. మరి ఇంగ్లీషు బీరుకు తప్పుతుందా అని గంగయ్య అడిగాడు. తప్పదని మంత్రిగారు తీర్పు చెప్పి, చెంబు తెప్పించి, గ్లవ్స్ చేతులతో నింపి, ఎల్లమ్మ పేరా, గీత కార్మికుల పెద్దల పేరా ధారగా పోశారు. చప్పట్లు మోగాయి. కెమెరాలు మెరిశాయి. బీరు పారి ఒక బోల్టు గుంతలో నిలిచింది.

ఒకరి పెద్దలకు పోసి ఇంకొకరి పెద్దలను ఎండబెడితే ఊరుకునే రోజులు కావివి. నేత కార్మికుల నాయకుడు వెంకటేశం వెంటనే మైకు అందుకున్నాడు.

“షెడ్డు మాది, నేల మాది. మా పెద్దలకు చుక్క లేకపాయె. గిదేం న్యాయం మంత్రిగారూ?”

“మీ పెద్దలకు రెండు చెంబులు వెంకటేశం” అన్నారు మంత్రిగారు. ఉదారంగా ఉండటంలో ఆయనను మించినవాళ్ళు లేరు.

రెండు చెంబులనేసరికి గంగయ్యకు పౌరుషం వచ్చింది. గీత కార్మికులకు ఒక చెంబు బాకీ పడింది. అది తీరుతుండగా జగిత్యాల నుంచి వచ్చిన వాళ్ళు, పెద్దలు సిరిసిల్లలోనే ఉన్నారా, జగిత్యాలలో లేరా అని అడిగారు. ఉన్నారని మంత్రిగారు ఒప్పుకుని పోశారు. కోరుట్ల వాళ్ళు తమకు అన్యాయం జరిగిందని అక్కడికక్కడే నేలమీద, తడి లేని చోటు చూసుకుని బైఠాయించారు. వాళ్ళను లేపడానికి చెంబు చాలక జగ్గు తేవలసి వచ్చింది.

“సర్, ప్లీజ్! ఇది వన్ ఇయర్ ఏజ్డ్!” అని అలేఖ్య మొత్తుకుంది.

“మా పెద్దలు అంతకన్న ఏజ్డ్ తల్లీ” అన్నారు మంత్రిగారు. జనం ఈలలు వేశారు.

ఆ ఈలలకు మంత్రిగారికి ఉత్సాహం ఆగలేదు. వాళ్ళ నాయన పేర ఒక జగ్గు, మామగారి పేర ఒక జగ్గు పోశారు. మామగారు బతికే ఉన్నారని ఎవరో చెవిలో చెబితే, అడ్వాన్సుగా ఉంచండన్నారు. పార్టీ పెద్దాయన నాయనమ్మ పేర పోయడానికి బకెట్ తెప్పించారు. నాయనమ్మ జన్మలో బీరు చూసి ఉండదు. అయినా హైదరాబాద్‌కు ఆ వీడియో వెంటనే వెళ్ళింది, అక్కడ నుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ వెంటనే తిరిగొచ్చింది.

ఆ సందడిలో మొదటి వరుస కుర్చీలో నుంచి రాజవ్వ లేచి వచ్చింది. బుగ్గారం నుంచి ఆమెను అధికారులే పిలిపించి, ‘వలస బాధిత కుటుంబం’ అని కాగితం అంటించిన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె కొడుకు సాయిలు దుబాయ్‌లో చనిపోయి పెట్టెలో ఇంటికొచ్చాడు.

“సారూ, నా కొడుకు పేరు మీద గింత పొయ్యుండ్రి. వాడు పోయినకాన్నుంచి వాని పేర్న చుక్క పొయ్యలే. శవం అచ్చిన నాడు అంత ఆగమాగమాయె. ఎవలికీ యాదికి రాలే.”

మంత్రిగారు కుళాయి తిప్పారు. గాలి వచ్చింది. పీపాను వంచారు. మరికొంచెం గాలి వచ్చింది.

“అయిపోయిందవ్వా. ఏం ఫికర్ చెయ్యకు, రెండో పీపాల ఫస్ట్ చెంబు నీదే” అని హామీ ఇచ్చి, రెండో పీపా గురించి చెప్పడానికి ఆయన కెమెరాల వైపు తిరిగారు.

షెడ్డు మొత్తంలో మిగిలిన బీరు పరశురాములు చేతిలోని వెండి గ్లాసులోనే ఉంది. రాజవ్వ ఆ గ్లాసు వైపు చూడలేదు. తన చెంగు వైపు చూసుకుంటూ నిలబడింది. దుబాయ్ క్యాంపులో కింది మంచం అతనిదైతే పై మంచం సాయిలుది. ఇంటి మీద బెంగ పుట్టినప్పుడు సాయిలు ఈల వేసేవాడు, నిద్ర చెడగొడుతున్నాడని పరశురాములు తిట్టేవాడు. ఈ గ్లాసు ఇచ్చేస్తే కొలువు పోతుంది. కొలువు పోతే వీసా కూడా లేదు, గొల్లపల్లి మనిషికి పోయింది. ఇదంతా అతనికి స్పష్టంగా తెలుసు. తెలిసే, రాజవ్వ దగ్గరికి వెళ్ళాడు.

“ఇగో, చేతులు పట్టు అవ్వా.”

ఆమె దోసిలి పట్టింది. గ్లాసు మొత్తం వంచేశాడు. ఆమె దోసిలి నేలకు ఆనించి, “సాయిలూ, తాగు కొడుకా” అంది. వేళ్ళ సందుల నుంచి బీరు జారిపోయాక తడి చేతులను మొహానికి రాసుకుంది. ఆ రోజు ఆ షెడ్డులో పోసిన సాక అదొక్కటే అని పరశురాములుకు అనిపించింది.

“ఆ, ఇగ మన నిపుణుడు రుచి చూస్తడు!” అని మంత్రిగారు ఇటు తిరిగారు. కెమెరాలూ తిరిగాయి.

అలేఖ్య ఖాళీ గ్లాసును చూసింది. పరశురాములు అలేఖ్యను చూశాడు. ఆమె కొలువుకూ పై అధికారులున్నారు. మైకు అతని వైపు జరిపింది.

పరశురాములు వెండి గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎత్తి, ఏమీ లేనిదాన్ని గుక్కగా తీసుకుని, నాలుక మీద తిప్పాడు. తొందరపడి మింగలేదు.

“కాల్చిన బెల్లం తగుల్తంది సార్. ఎండు ద్రాక్ష. వెనిలా. వెనుకనుంచి చెక్క.”

“ఛాతీల?” అన్నారు మంత్రిగారు.

“ఛాతీల వెచ్చగుంది సార్.” ఈ ఒక్కటి మాత్రం అబద్ధం కాదు.

“ఎక్సలెంట్ ప్యాలెట్, గొప్ప నాలుక” అంది అలేఖ్య, గొంతు సవరించుకుని. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తమకు కూడా బెల్లం వాసన వస్తోందని గంగయ్య, ఎండు ద్రాక్ష తమవైపు ఎక్కువ వస్తోందని వెంకటేశం విలేకరులకు చెప్పారు. పరశురాములుకు అక్కడే నియామక పత్రం అందింది. ఇంటికి వెళ్ళేసరికి ప్రేమలత వాడకట్టంతా మిఠాయి పంచింది.

నాలుగు రోజులకు కంపెనీ వాళ్ళు పరిస్థితిని సమీక్షించారు. బీరు బాగుంది, నిపుణుడు బాగున్నాడు, ఆదరణ అద్భుతంగా ఉంది. ఒక్కటే చిక్కు. పీపా ఏడాది కదలకుండా ఉండాలి. ఇక్కడ పూట కూడా ఉండదు. కాబట్టి పీపాలను దుబాయ్‌లోని తమ గోదాములో ఉంచుతామన్నారు. మంత్రిగారు బల్ల గుద్ది మరీ పోరాడారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్నారు. కంపెనీ ఒప్పుకుంది. ఉద్యోగాలు స్థానికులకే, స్థలం మాత్రమే స్థానికం కాదు.

జగిత్యాల బస్టాండు నుంచి ‘వలసకు సెలవు’ మొదటి జట్టు విమానాశ్రయానికి బయల్దేరింది. జెండా ఊపడానికి మంత్రిగారు స్వయంగా వచ్చారు. ప్రేమలత గీతను పట్టుకుని కిటికీ పక్కన నిలబడింది. “ఇంట్లనే ఉంటవని అందరికి చెప్పుకున్న” అని మాత్రం అంది. పరశురాములు బస్సు మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగాడు.

“సార్, మల్ల నన్ను వాపసు ఎప్పుడు తోలిస్తరు?”

మంత్రిగారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

“వాపసేంది పరశురాములూ? వాపసనేది పోయినోళ్ళకు గదా! మా లెక్కల నువ్వు వలస ఆగినోనివి. నువ్వు యాడికీ పోలే, కోరుట్లనే ఉన్నవు” అని భుజం తట్టి, పచ్చజెండా ఊపారు.