జీతానికి పెట్టుకున్న మద్దెల

ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. ఆ మాట మీద గౌరవంతో మా కార్యాలయం ఒక మద్దెలను జీతమిచ్చి పెట్టుకుంది. కాగితాల మీద ఆ ఉద్యోగం పేరు తాత్కాలిక సహాయకుడు. అతనికి కన్నవాళ్లు పెట్టిన పేరు కూడా ఒకటి ఉందట. మేం అడగలేదు. టెంపరరీ అంటే పలికేవాడు.

టెంపరరీకి బల్ల లేదు, కుర్చీ లేదు. ఎవరు సెలవు పెడితే వారి కుర్చీలో కూర్చునేవాడు. ఎవరూ పెట్టని రోజున బీరువాకు ఆనుకుని నిలబడేవాడు. దానివల్ల బీరువా ఒరగకుండా ఉండేది. ఆ రకంగానూ కార్యాలయానికి లాభమే.

అతని అసలు పని వేరు. మా అధికారిగారు గదిలోంచి "ఎవరు చేశారిది?" అని కేకేసినప్పుడల్లా మా చూపుడువేళ్లు వాటంతటవే లేచి అతని వైపు తిరిగేవి. అతను "నేనేనండీ" అనేవాడు. అధికారిగారు తనివితీరా తిట్టి, మంచినీళ్లు తాగి, హాయిగా ఉండేవారు. లెక్క తప్పితే టెంపరరీ. లిఫ్టు ఆగితే టెంపరరీ. గోడగడియారం వెనకబడితే, "వీడి వాలకం చూసి దానికీ నీరసం వచ్చింది" అని హెడ్ క్లర్కుగారు తేల్చారు. తను చేరకముందు పోయిన ఫైలుకు కూడా అతను క్షమాపణ రాసిచ్చాడు. అంత శ్రద్ధగల మనిషి.

ఒకనాడు భోజనాల వేళ టైపిస్టమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఎందుకు పడతావయ్యా ఇన్ని మాటలు?"

"పర్మినెంటు కావాలండి. మా మామయ్య పిల్లనిస్తానంటున్నాడు గానీ, టెంపరరీవాడికిస్తే కాపురమూ టెంపరరీయే కదా అల్లుడూ అంటున్నాడు."

"ఆ పిల్లేమంటోంది?"

"మాటలు పడటం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోమంది."

ఇలా ఉండగా పై అధికారి తనిఖీకి వచ్చారు. ఏళ్ల తరబడి తేలని ఫైళ్లుండే గది తలుపు తీయించారు. గది ఖాళీ. ఒక్క కాగితం మిగలకుండా చెదలు అన్నింటినీ పరిష్కరించేశాయి.

"ఎవరు చేశారిది?" అన్నారాయన. గొంతు గట్టిగానే ఉంది. మా వేళ్లు లేచాయి. టెంపరరీ అలవాటుకొద్దీ తలవంచుకుని "నేనేనండీ" అన్నాడు.

పై అధికారి అతన్ని కావలించుకుని, అక్కడికక్కడే ఉపన్యసించారు. "పెండింగు ఫైలు ఒక్కటీ లేని గదిని నా సర్వీసులో చూడలేదు. ఇంత చేసీ చెప్పుకోడు, తలెత్తడు. ఇలాంటివాణ్ని టెంపరరీగా ఉంచడం మనందరికీ సిగ్గుచేటు." చప్పట్లు మేమే కొట్టాం. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. నెల తిరక్కుండా పెళ్లయింది. చెదలకు మాత్రం ఏ ఉత్తర్వూ రాలేదు. పాపం, అవి ఇప్పటికీ టెంపరరీగానే పనిచేస్తున్నాయి.

కష్టాలు మాకు మొదలయ్యాయి. కేక వినబడగానే వేళ్లు లేచేవి గానీ, వాలడానికి చోటుండేది కాదు. ఓ పూట హెడ్ క్లర్కుగారి వేలు గాలిలో ఊగి ఊగి, పొరపాటున నిజంగా తప్పు చేసిన గుమాస్తా మీదే వాలింది. ఆ అవమానానికి అతను మంచమెక్కాడు. తిట్టే దిక్కులేక అధికారిగారికి రక్తపోటు వచ్చింది. కార్యాలయ క్షేమం దృష్ట్యా ఒక తాత్కాలిక సహాయకుణ్ని తక్షణం మంజూరు చేయవలసిందిగా అందరం సంతకాలు చేసి మొరపెట్టుకున్నాం. మొదటి సంతకం మాజీ టెంపరరీదే.

వచ్చినవాడు అతని బావమరిది. మామగారు పట్టుబట్టాడు. "నువ్వూ ఇలాగే కదా అల్లుడూ పైకొచ్చింది. మావాణ్ని నీ చేతుల్లో పెడుతున్నా."

నిజంగా చేతుల్లోనే పెట్టాడు. ఆ వారంలోనే మన కొత్త పర్మినెంటు మోచెయ్యి తగిలి, మంచినీళ్ల కూజా అధికారిగారి కాళ్ల మీద పడింది. "ఎవరు చేశారిది?" బావగారి వేలు బావమరిది వైపు లేచింది. ఎంత ఒడుపుగా లేచిందంటే, పుట్టు పర్మినెంటు వేలనుకుంటారు ఎవరైనా.

"నేనేనండీ" అన్నాడు బావమరిది. తిట్లయ్యాక బీరువా దగ్గరికి వచ్చి ఆనుకుని, మెల్లగా అన్నాడు. "అక్కతో చెప్పనులే బావా. నా తర్వాతివాడు ఎప్పుడొస్తాడో, అది చెప్పు."

కనుక త్వరలో మా దగ్గర ఒక ఖాళీ ఏర్పడనుంది. మీ ఇంట్లో నెమ్మదైనవాడు ఎవడైనా ఉంటే దరఖాస్తు పెట్టించండి. చదువు ముఖ్యం కాదు, "నేనేనండీ" అనడం వస్తే చాలు. సిఫారసులు పట్టుకుని అప్పుడే నలుగురు తండ్రులు వచ్చి, బీరువా ఆనుకోవడానికి వీలుగా ఉందో లేదో చూసుకుని వెళ్లారు.

మీదే ఆలస్యం.