ఏనుగుగారు కొన్న చిన్న కర్ర

ఒక పెద్ద అడవిలో అందరికీ గోల్ఫ్ పిచ్చి పట్టింది. జింకలు మేత మానేసి మరీ ఆడుతున్నాయి. అక్కడ బంతిని దూరం కొట్టే కర్ర ఏది కావాలన్నా ఏనుగు గజపతిగారి కంపెనీలోనే కొనాలి. ఆ కర్రతో కొడితే బంతి గుట్ట దాటిపోయేది. ఎంత దూరం పోతే అంత గొప్ప అని ఆ కంపెనీ నమ్మకం.

కానీ గోల్ఫ్‌లో బంతి దూరం పోతే చాలదు, చివరికి గుంటలో పడాలి. గుంట దగ్గరికి చేరాక బంతిని మెల్లగా తోయడానికి పట్టర్ అని ఒక చిన్న కర్ర ఉంటుంది. దాన్ని చేయడంలో, ఒంటినిండా పొలుసులుండే అలుగు అచ్చమ్మను మించినవాళ్లు లేరు. చీమలపుట్ట పక్కన ఆవిడకో చిన్న కొట్టు. కర్ర చేశాక బంతిని ఒకసారి తోసి చూసేది. అది గుంట అంచుదాకా వెళ్లి, కాస్త ఆలోచించుకుని లోపల పడితేనే ఆ కర్ర అమ్మేది.

ఏటా పక్క అడవి పులితో పోటీ జరిగేది. గెలిచినవాళ్లకి వేసవంతా ఏటి మడుగు. మన తరఫున ఆడేది గజపతిగారే. ఎవరు ఆడాలో నిర్ణయించేదీ ఆయనే కాబట్టి పేచీ లేదు. దూరం కొట్టడంలో పులి ఆయన కాలిగోటికి చాలదు. గుంట దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన ఓడిపోయేవారు. మడుగు పులి పాలయ్యేది. మనవలు దుమ్ములో పొర్లుతూ, "నీళ్లలో ఆడుకునేది ఎప్పుడు తాతా?" అని అడుగుతుంటే ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

"అచ్చమ్మ కర్ర ఒకటి కొనుక్కోండి సార్," అంది ప్రచారం పనులు చూసే నెమలి.

"బుద్ధుందా? గజపతి ఇంకొకళ్ల కర్రతో ఆడాడని తెలిస్తే మన కర్రలు ఎవరు కొంటారు?"

"అయితే ఆ కొట్టునే కొనేయండి. అప్పుడది మన కర్రే కదా!"

గజపతిగారికి ఈ మాట నచ్చింది. ఒక్క కర్రతో పోయేదానికి కొట్టంతా కొనడంలో ఒక దర్జా ఉంది మరి.

అచ్చమ్మ మొదట ఒప్పుకోలేదు. నెమలి పురి విప్పి మరీ నచ్చజెప్పింది. "మీ పేరు మారదమ్మా, పద్ధతీ మారదు. మేం ఊరికే మీ వెనక నిలబడతాం, అంతే."

ఏనుగు వెనక నిలబడితే ముందున్నవాళ్ల గతేమిటో ఆవిడకు తట్టలేదు పాపం. ఇకమీదట సొంతంగా గోల్ఫ్ కర్ర చేయనని కూడా మాటిచ్చేసింది.

కంపెనీలో ఏ కర్రయినా పరీక్ష నెగ్గాకే బయటికి పోవాలి. పరీక్షలు పెట్టేది అడవిదున్న. దానికి తెలిసిన పరీక్ష ఒకటే, బంతి ఎంత దూరం పోయిందని. దున్న అచ్చమ్మ చేసిన కర్రతో కొట్టి చూసింది. బంతి కొంచెం దొర్లి ఆగింది.

"ఇదేం కర్ర? ఆగిపోతోందే!"

"ఆగాలనే కదయ్యా చేసింది," అంది అచ్చమ్మ.

"మా దగ్గర ఆగితే తప్పినట్టే. మీరేం దిగులు పడకండి, మేం బాగుచేస్తాం."

దున్న చెడ్డది కాదు, తన పని తాను చేసింది. కర్ర కొసన ఇనుము పోయించింది, పిడి పొడుగు చేయించింది. పరీక్ష నెగ్గేదాకా బాగుచేస్తూనే ఉంది. నెమలి దానికి బంగారు రంగు పూయించి, మీద అచ్చమ్మ బొమ్మ వేయించింది. అసలు అచ్చమ్మను మాత్రం సలహాదారు అంటూ ఓ గదిలో కూర్చోబెట్టారు. ఎవరూ ఏ సలహా అడగలేదు. చూసి చూసి ఆవిడ ఇంటికెళ్లిపోయింది. ఆ సంగతి కూడా ఎవరూ గమనించలేదు.

పోటీ రోజు వచ్చింది. చివరి గుంట. బంతి తొండం చాపితే అందేటంత దగ్గరలో ఉంది. మనవలు ఊపిరి బిగబట్టారు. గజపతిగారు బంగారు కర్రతో సుతారంగా తోశారు.

బంతి గుంట మీదుగా ఎగిరి, పులి మీసాల పక్కనుంచి దూసుకుపోయి, ఏరు దాటి అవతలి అడవిలో పడింది.

"అబ్బ, ఏం దూరం!" అని దున్న మురిసిపోయింది.

"బంతి మావాళ్లతో పంపిస్తాలే గజపతన్నా, నువ్వు శ్రమపడకు," అంటూ పులి మడుగువైపు నడిచింది.

ఆ వేసవి నడుమ గజపతిగారు సిగ్గు చంపుకుని అచ్చమ్మ ఇంటికి వెళ్లారు. "అచ్చమ్మా, పాత పద్ధతిలో ఒక్కటి చేసిపెట్టు."

"గోల్ఫ్ కర్ర చేయనని మీకే మాటిచ్చాను కదయ్యా. ఇప్పుడు పప్పుగుత్తులు చేసుకుంటున్నాను."

"పిల్లలకు నీళ్లు లేవమ్మా!"

ఆ మాటకు అచ్చమ్మ మనసు కరిగింది. "మీ ఇంటి గుండిగకు సరిపడా పప్పుగుత్తి ఒకటి చేసిస్తాను. దాంతో పప్పే ఎనుపుకుంటారో, మరేం చేసుకుంటారో నేనడగను."

మరుసటేడు గజపతిగారు పప్పుగుత్తితో తోశారు. బంతి గుంట అంచుదాకా వెళ్లింది. కాస్త ఆలోచించుకుంది. లోపల పడింది.

మనవలు కేరింతలు కొడుతూ మడుగులో దూకారు. గజపతిగారు మెడదాకా మునిగి, హాయిగా కళ్లు మూసుకున్నారు. గట్టు మీద నిలబడి చూస్తున్న అచ్చమ్మకు కళ్లు చెమర్చాయి.

"ఎంత మంచి పప్పుగుత్తి!" అన్నారు గజపతిగారు. వెంటనే కళ్లు తెరిచి నెమలిని పిలిచారు. "ఆ పప్పుగుత్తుల కొట్టు అమ్ముతారేమో కనుక్కో."

దున్న అప్పటికే పప్పుగుత్తిని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "దూరం తక్కువ సార్. అయినా పరవాలేదు, బాగుచేద్దాం."

అది విని అచ్చమ్మ అక్కడికక్కడే ఉండచుట్టుకుపోయింది.

నీతి: మంచి పని చేయండి గానీ, అది మంచిదని ఏనుగుకు తెలియనివ్వకండి.