మర్యాద తెలిసిన పొదిగే పెట్టె

ఆ రోజుకి ములోండో వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే రిపేరు దుకాణం తెరవాలి, పొదిగే పెట్టెను నడిపే చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించాలి, మధ్యాహ్నంలోగా ఆ చిప్‌ను పెట్టె ఉన్న నాలోంగో ఇంటికి పంపాలి. ఆమె కవలల తల్లి కాబట్టి ఊరంతా ఆ గౌరవనామంతోనే పిలుస్తుంది, ఆమె మొగుణ్ణి సాలోంగో అంటుంది. వాళ్ళ వాడలోని ఆడవాళ్ళ కోళ్ళన్నీ గుడ్ల మీద కూర్చుని ఉన్నాయి. ఆ గుడ్లను ఇవాళ పెట్టెలోకి మారిస్తే కోళ్ళు లేచి మళ్ళీ గుడ్లు పెడతాయి. గుడ్ల లోపల అప్పటికే ప్రాణం కదులుతోంది. పెట్టె వేడి తప్పిందంటే వాడ మొత్తం కోడిపిల్లలు గుడ్లలోనే చచ్చిపోతాయి. ఆ తర్వాత మసాకా ఊళ్ళో ములోండోకి టార్చిలైటు బాగుచెయ్యమని కూడా ఎవరూ ఇవ్వరు.

చిప్ చింతగింజంత ఉంటుంది. దాని మెమరీ కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. వేడి చూడటం, చల్లబడితే బల్బు వెలిగించడం, ఎక్కువైతే ఆర్పడం, ఇంతవరకే అయితే హాయిగా సరిపోయేది. అప్పుడే మేనత్త నకిబూలే లోపలికి వచ్చింది. ఈ పెట్టె పని అతనికి ఇప్పించింది ఆవిడే.

“వెబాలె నాయనా, కష్టపడుతున్నావు,” అంది. పని చేసుకుంటున్న మనిషికి వెబాలె, అంటే ధన్యవాదం, చెప్పకుండా దాటిపోయేవాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. “అవునూ, ఈ పెట్టెకు పలకరించడం వచ్చా?”

“పెట్టె పలకరించడమేమిటి అత్తా?”

“తెర ఉందిగా!”

“అది లోపల వేడి ఎంతుందో చూపించడానికి.”

“గడపలో అడుగుపెట్టగానే వేడి సంగతా! ఎవరి పెంపకం ఇది అని నన్ను అడగరూ? నాలోంగోకి ఒక్క వెబాలె చెప్పించు, చాలు.”

ములోండోకి కాదనడం చేతకాదు. ‘కాదు’ అనే మాట అతని ఛాతీలో నిక్షేపంగా పుట్టేది. గొంతు దాకా వచ్చి, ఎదుటి ముఖం చూసి, ‘సరే’ అయి బయటపడేది. అది మంచితనమా పిరికితనమా అని అతను చాలా ఏళ్ళు ఆలోచించాడు. ఎటూ తేలకపోయేసరికి దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాడు.

నాలోంగోకి ఒక వరస రాశాడు. పెట్టె చెక్కపని చేసిన వడ్రంగిని మరిస్తే ఎలా అంది అత్త. రాశాడు. సంగతి తెలిసి గ్రామసభ అధ్యక్షుడు ఫోన్ చేశాడు. “నా పేరు వెయ్యకపోయినా నేనేమీ అనుకోను,” అన్నాడు. ఆ మాటకు అర్థం తెలుసు కాబట్టి ములోండో ఆయన పేరు వేశాడు, పక్కన హోదా కూడా వేశాడు. గుడ్లిచ్చిన ఆడవాళ్ళందరి పేర్లూ ఆయన కన్నా ముందు వరసలో పడ్డాయి. చివర్లో సాలోంగో ఫోన్ చేసి, “ఇంటికి పెద్దను నేనే అని ఎవరికైనా గుర్తుందా?” అని అడిగాడు. అతని పేరు అన్నిటికన్నా చివర చేరింది.

కంపైలర్‌కి ఇచ్చి చూశాడు. అతను రాసినదాన్ని చిప్‌కి అర్థమయ్యేలా మార్చి, ఎంత చోటు పట్టిందో చెప్పడం దాని పని. చోటు చాలదని అది మొహం మీదే చెప్పేసింది. దానికి మొహమాటం లేదు.

“ఒక ఇద్దరిని తీసేద్దాం అత్తా,” అన్నాడు ములోండో.

“ఎవరిని తీస్తావో చెప్పు. వాళ్ళింటికి నువ్వే వెళ్ళి చెప్పి రా.”

అతను ఎవరినీ తియ్యలేదు. పేర్లన్నీ కలిపి ఒకే పొడవాటి దండగా గుచ్చి, ఒక్కొక్క అక్షరమే లెక్కపెడుతూ తెర మీద జరిపేలా మార్చాడు. పొదుపు కోసమని ఆ లెక్కను చిప్‌లో దొరికే అన్నిటికన్నా చిన్న గదిలో పెట్టాడు. మళ్ళీ కంపైలర్‌కి ఇచ్చాడు.

ప్రోగ్రాం సరిపోయింది. సరిపోవడమే కాదు, పేర్లేవీ లేనప్పటికన్నా కూడా చిన్నదైపోయింది.

ములోండో ఆ అంకెను రెండోసారి చదివాడు. కారణం అడగాలనిపించింది. అడిగితే అదృష్టం నొచ్చుకుంటుందేమోనని కూడా అనిపించింది. చిప్‌కి కరెంటు పెట్టగానే నాలోంగో పేరు తెర మీద హుందాగా జరగసాగింది. అత్త చప్పట్లు కొట్టి, చిప్‌నూ తెరనూ రుమాలులో చుట్టుకుని, బోడా అనే అద్దె మోటారుసైకిలు ఎక్కేసింది. “బిగించగానే గుడ్లు పెట్టెలో పేర్చేస్తాం, నువ్వు నిశ్చింతగా తిను,” అని కేకేసి వెళ్ళింది.

తిందామని ఆకులో ఉడికిన అరటికాయ మటోకె ముందు పెట్టుకున్నాడు. ముద్ద తీసి మళ్ళీ ఆకులోనే పెట్టాడు. బరువు మోయమంటే ఎవరైనా బలం తెచ్చుకుంటారు, లేదా కూలబడతారు. బరువు పెట్టేకొద్దీ తేలికవుతున్నారంటే ఏదో కింద పారేశారన్నమాట. ఏం పారేసింది?

కంపైలర్ హెచ్చరికలను అతను ఏనాడో మూయించాడు. భుజం మీంచి తొంగిచూసే గిరాకీలు ఎర్ర అక్షరాలు కనబడగానే రేడియోలు వెనక్కి తీసుకుపోయేవారు. ఇప్పుడు వాటి నోరు విప్పాడు. ఒక్క వాక్యం వచ్చింది: ఈ పోలిక ఎప్పుడూ నిజమే అవుతుంది.

మటోకె చల్లారిపోయింది. ఆ చిన్న గదిలో రెండు వందల యాభై ఐదుకు మించిన లెక్క పట్టదు. అది దాటగానే మళ్ళీ సున్నా. పేర్ల దండ అంతకన్నా పొడుగు. అంటే లెక్క ఎన్నడూ చివరికి చేరదు, పలకరింపు ఎన్నడూ ముగియదు. ముగియని పలకరింపు తర్వాత రాసిన పని ఎప్పటికీ మొదలవదు కదా అని కంపైలర్ ఆ పనిని, అంటే వేడినీ బల్బునూ అన్నిటినీ, దండగని తీసి పారేసింది.

అత్తకి ఫోన్ చేశాడు. “తర్వాత మాట్లాడతా, పెట్టె మాట్లాడుతోంది,” అని గుసగుసలాడి పెట్టేసింది.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని బోడా ఎక్కాడు. దారి పొడుగునా చల్లబడుతున్న గుడ్లే కళ్ళ ముందు. ఒక్కొక్క గుడ్డు లోపల ఒక చిన్న గుండె, దాని పైన తన మర్యాద.

నాలోంగో ఇంట్లో ఆడవాళ్ళంతా పండగ గోమెసీలు కట్టుకుని, పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. తెర మీద పేరు వచ్చిన ప్రతిసారీ ఆ మనిషి వంగి బదులు చెబుతోంది. కుర్చీలో సాలోంగో ఒక్కడే ముఖం ముడుచుకుని ఉన్నాడు.

“అధ్యక్షుడి హోదా దాకా వస్తుంది, సగంలో మళ్ళీ మా ఆవిడ దగ్గరికి పోతుంది,” అన్నాడు. “నా పేరెక్కడ?”

ములోండో అతణ్ణి దాటుకుని వెళ్ళి పెట్టె తలుపు లాగాడు. లోపల చల్లగా, చీకటిగా ఉంది. ఖాళీగా ఉంది.

“గుడ్లు?” అన్నాడు.

“కోళ్ళ కిందే ఉన్నాయి, ఎక్కడుంటాయి?” అంది నాలోంగో.

“పెట్టెలో పెట్టలేదా?”

“ఏం మాటలు నాయనా! మాట్లాడుతున్న మనిషి నెత్తిన మూట పెడతామా? పలకరింపు అయ్యాక పని చెబుదామని కూర్చున్నాం. ఇదేమో అవనివ్వదే. నీలాంటిదే, మొహమాటస్తురాలు.”

ములోండో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ ఊళ్ళో మగవాడు ఆడవాళ్ళ ముందు మోకరిల్లడం ఎవరూ చూసి ఎరగరు. “వెబాలె,” అన్నాడు ఒక్కొక్కరికీ. పేరుపేరునా అన్నాడు. తెర మీద రాసినప్పుడు ఏ పేరూ అతనికి ఇంత అర్థంతో తోచలేదు. పొద్దున రాసినవి భయంతో రాసినవి. ఇవి లోపలి నుంచి వస్తున్నాయి.

“వీడికేమైందే?” అంది నాలోంగో.

“పెట్టె అంటించింది,” అంది అత్త.

అతను ల్యాప్‌టాప్ తెరిచాడు. పేర్ల దండ మొత్తం తీసేసి ‘అందరికీ వెబాలె’ అని ఒక్క ముక్క రాశాడు. కంపైలర్ ఈసారి మారు పలకలేదు. తెర ఒక్కసారి పలకరించి ఊరుకుంది, లోపల బల్బు వెలిగింది. వేడి సరిగ్గా నిలబడిందని చూసుకున్నాక, ఆడవాళ్ళు కోళ్ళ కింది నుంచి గుడ్లు తెచ్చి, చెంపకు ఆనించి చూసుకుంటూ పేర్చారు. ప్రతి గుడ్డూ వెచ్చగానే ఉంది.

పేర్లు పోయినందుకు ఎవరేమంటారోనని ములోండో తలవంచుకుని తీగలు చుడుతూ కూర్చున్నాడు. సాలోంగో లేచి, తెరను ఒకటికి రెండుసార్లు చదివి, చొక్కా సర్దుకున్నాడు.

“ఇప్పుడు బాగుంది. అందరికీ అంటే ఇంటి పెద్దకే కదా. మిగతావాళ్ళను తీసేసి మంచిపని చేశావు,” అన్నాడు.