అసలు మెయిలును గుర్తించు విధానము

రాయపూర్‌లోని ఆ విశ్వవిద్యాలయంలో విజ్ఞానం ఉందా లేదా అన్నది ఇంకా తేలలేదు గానీ, భద్రత మాత్రం పుష్కలంగా ఉందని గత జూన్ నుంచి అందరూ ఒప్పుకుంటున్నారు. మోసపు మెయిళ్ల నివారణ విభాగం వెలిసింది ఆ నెలలోనే. అంతకుముందే ఒక ఆచార్యుడు లాటరీ తగిలిందన్న మెయిలు నమ్మి పాస్‌వర్డు సమర్పించుకున్నాడు. (ఆయన బోధించేది తర్కశాస్త్రం.)

విభాగాధిపతి టికేశ్వర్ సాహూ మూడు వారాలు తలబద్దలు కొట్టుకుని అసలు మెయిలు లక్షణాలు కనిపెట్టాడు. అసలుది గడువు దాటాక వస్తుంది. జతపరిచామన్న కాగితం అందులో ఉండదు. పేరు తప్పుగా ఉంటుంది. నకిలీది వేళకు వస్తుంది, పేరు సరిగ్గా రాస్తుంది, మర్యాదగా పలకరిస్తుంది, పైగా ఏదో ఒకటి ఇస్తానంటుంది. "మన సంస్థ ఎవరికీ ఏదీ ఇవ్వదు. ఇస్తానన్నవాడు మనవాడు కాదు" అని ఆయన సభలో ప్రకటించగానే ఉపకులపతితో సహా అందరూ చప్పట్లు కొట్టారు.

పరీక్షల విభాగంలో తొమ్మిదేళ్లుగా తాత్కాలిక ఉద్యోగం వెలగబెడుతున్న ఫణిశ్రీ ఈ సూత్రాలన్నీ చీటీ మీద రాసి కంప్యూటరుకు అంటించుకుంది. శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఊళ్లోని గుఢియారీ పేటలో స్థిరపడ్డ తండ్రి ముచ్చటపడి పెట్టుకున్న పేరది. ఆఫీసువాళ్లు మాత్రం తొమ్మిదేళ్లుగా పానీశ్రీ అనే రాస్తున్నారు. (హిందీలో పానీ అంటే నీళ్లు. వాళ్ల దాహం వాళ్లది.)

ఆగస్టులో ఒక సోమవారం మెయిలు వచ్చింది. గౌరవనీయులైన ఫణిశ్రీ గారికి, మీ ఉద్యోగం ఖాయం చేసినందుకు సంతోషిస్తున్నాం, శుక్రవారంలోగా కింది లింకు నొక్కి మీ అంగీకారం తెలపండి అని దాని సారాంశం.

ఫణిశ్రీకి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే చూపు చీటీ మీద పడింది. పేరు సరిగ్గా ఉంది. గడువు ఇంకా దాటలేదు. సంతోషిస్తున్నాం అని కూడా ఉంది! ఇంత పచ్చిమోసం ఆమె ఎన్నడూ చూడలేదు.

"అదేటే, పర్మనెంటు సేసినామని రాస్తే దొంగ మెయిలంటావు?" అంది ఇంటి దగ్గర తల్లి గంగాభవాని. "పక్కా నౌకరీ గదా! ఒకపాలి ఎల్లి అడిగి రారాదేటి?"

"నాకు మాత్రం ఆశ లేదేటమ్మా? అందుకే బయంగా ఉంది. ఆశ ఉన్నోల్నే పట్టుకుంటారంట ఈల్లు."

మంగళవారం ఆమె రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లింది. భద్రతా కారణాల వల్ల నోటితో ప్రశ్నలు అడగరాదు, మెయిలు పంపవలెను అని అక్కడ బోర్డు ఉంది. 'దయచేసి ఇది నిజమో కాదో వెంటనే తెలపగలరు' అని రాసి, తనకొచ్చిన మెయిలు జతచేసి పంపింది. 'దయచేసి', 'వెంటనే' రెండూ అనుమానిత పదాల పట్టికలో ఉన్నందున సాహూ విభాగం ఆ మెయిలును ఆపేసి, ఆమె కంప్యూటరుకు తాళం వేసి, శిక్షణ తరగతికి రమ్మంది. తరగతి గురువారం, శుక్రవారం.

శుక్రవారం పరీక్షలో తెర మీద చూపింది ఆమెకొచ్చిన మెయిలే. ఇందులోని ఆరు దోషాలు రాయండి అన్నారు. ఆరూ రాసింది ఫణిశ్రీ ఒక్కతే. ప్రథమ బహుమతిగా గోడ గడియారం ఇచ్చారు.

ఆ పై సోమవారం తెలిసింది, మెయిలు అసలుదేనని. కొత్తగా వచ్చిన రిజిస్ట్రారు ఇంకా పద్ధతులు తెలియక, ఆధార్ చూసి మరీ పేరు సరిదిద్దాడట. గడువు దాటినందున ఉద్యోగం జాబితాలో తర్వాతి వాడైన వివేక్‌కు వెళ్లింది. (వివేక్ ఏ శిక్షణకూ రాలేదు. అతను కనిపించిన లింకునల్లా నొక్కుతాడు.)

ఫణిశ్రీ సాహూ గదిలోకి వెళ్లింది. సాహూ కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఒక ఫారం తీశాడు.

"దేఖియే మేడమ్, పాస్‌వర్డు పోయిందా?"

"లేదు సార్."

"బ్యాంకులో డబ్బులు?"

"లేదు."

"మరి పోయిందేమిటి?"

"తొమ్మిదేళ్లు సార్."

సాహూ ఫారం అటూ ఇటూ తిప్పి ఓపిగ్గా వెతికాడు. అలాంటి గడి ఎక్కడా లేదు. 'నష్టం: ఏమీ లేదు' అని రాసి, కింద ఆమెచేత సంతకం పెట్టించుకున్నాడు.