ఎనభై ఎనిమిది మెట్ల తనిఖీ

ఒక వస్తువు విలువ దాని ధరలో ఉండదు. దాన్ని ఎంపిక చేయడానికి ఎన్ని కుర్చీలు వేయవలసి వచ్చిందన్నదానిలో ఉంటుంది. ఈ సత్యాన్ని లోకం ఇంకా ఒప్పుకోలేదు గానీ సభామందిరంవారు ఎప్పుడో ఒప్పుకున్నారు. నాలుగు డజన్ల చీపుళ్ళకు ముగ్గురు సభ్యుల సంఘం వేసినవారు, వేదిక మీదికి మేలురకం డిజిటల్ పియానో ఎంపికకు తొమ్మిదిమందిని వేశారు. సంగీతం మీద వారికున్న గౌరవం దీన్నిబట్టే తెలుస్తుంది. (చీపుళ్ళకు సరిగ్గా మూడు రెట్లు.)

పియానో అడిగింది ఆ మందిరంలో పద్నాలుగేళ్ళుగా పాఠాలు చెబుతున్న టీచరమ్మ. ఆమె చేతికింద ఒక గాయకబృందం ఉంది. నలభై ముగ్గురు. అందరూ ఉద్యోగ విరమణ చేసినవాళ్ళే: బస్సు కండక్టర్లు, నర్సులు, ఇద్దరు దర్జీలు, ఒక పళ్ళ డాక్టరు, వీళ్ళందరినీ కంటిచూపుతో అదుపులో పెట్టే టీచరమ్మ అత్తగారు. మందిరానికి కొత్త కప్పు వేశాక మొదటి కార్యక్రమం వీళ్ళదేనని పైవాళ్ళు మాటిచ్చారు. చిక్కల్లా పాత పియానోతోనే వచ్చింది. అందులో పదకొండు మెట్లు ఎంత నొక్కినా పలకవు. ఆ స్వరం రావలసిన చోటల్లా బృందమే "ఆ" అని నోటితో పూడ్చేది. అలవాటు ముదిరి, ఇళ్ళలో మాట్లాడుతూ కూడా మధ్యమధ్య "ఆ" అంటున్నారని కుటుంబాల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి.

టీచరమ్మ అర్జీ పెట్టింది. ఇది ఏ జాతి వస్తువన్న ప్రశ్న దగ్గర అర్జీ ఆగింది. కాళ్ళున్నాయి కనుక మాదేనన్నారు ఫర్నిచరువాళ్ళు. తీగ ఉంది కనుక మాదన్నారు కరెంటువాళ్ళు. స్టాండుకు చక్రాలున్నాయని ఎవరో చెప్పగా, వాహనాల విభాగంవారు వాయించేవారి డ్రైవింగ్ లైసెన్సు జతచేయమన్నారు. ఆమె జతచేసింది. (స్కూటరు లైసెన్సు మీద ఒక మనిషి కూర్చునే పియానో నడపవచ్చని తేల్చారు.)

ఆ తర్వాతే వాద్య మూల్యాంకన సంఘం ఏర్పడింది. అధ్యక్షులు సూపరింటెండెంటుగారు. సన్నటి మనిషి, మర్యాదస్తుడు, సర్వీసంతా గోదాముల్లో గడిపినవాడు. ఎదుటివాళ్ళు చెప్పింది శ్రద్ధగా విని వేరేగా అర్థం చేసుకోవడంలో ఆయనకు మంచి పేరుంది.

పరీక్షరోజున మూడు కంపెనీలవాళ్ళు మూడు పియానోలు తెచ్చి సమావేశపు గదిలో వరసగా నిలబెట్టారు. మూడోదాని మెట్లు అచ్చంగా కర్రతో చేసినవి. టీచరమ్మ ఊరికే ఒక మెట్టు మీద వేలు ఆనించింది. అది ఆమె వేలిని మెత్తగా కిందికి తీసుకువెళ్ళి, అంతే మెత్తగా పైకి తెచ్చి అప్పగించింది. పద్నాలుగేళ్ళు చచ్చిన మెట్లతో కాపురం చేసిన మనిషికి కాళ్ళు నేలమీద ఆనలేదు. నవ్వు తన్నుకొస్తుంటే దగ్గులోకి మార్చేసింది. (దగ్గును సమావేశపు నివేదికలో ఎక్కించారు.)

"ఎడమవైపు మెట్లు బరువుగా ఉన్నాయి. కుడివైపుకు పోయేకొద్దీ తేలికైపోతున్నాయి. గమనించారా?" అన్నారు సూపరింటెండెంటుగారు.

"కావాలనే అలా చేస్తారండీ. అసలు పియానోలో కూడా అంతే."

"కావాలనే చేశారా?" ఆయన గుమాస్తావైపు తిరిగారు. "రాసుకోండమ్మా. కుడివైపు సరుకు తగ్గించారు."

తర్వాత కంపెనీ కాగితం చేతిలోకి తీసుకున్నారు. "ఒకేసారి రెండువందల యాభై ఆరు స్వరాలు మోగుతాయట. మీకు వేళ్ళెన్ని?"

"పదండీ."

"అన్నీ పనిచేస్తాయా?"

"చేస్తాయండీ."

"అంటే రెండువందల నలభై ఆరు స్వరాలు ఊరికే పడుంటాయి."

"అలా కాదండీ. కింద పెడల్ తొక్కిపెడితే ముందు వాయించిన స్వరాలు ఆగకుండా మోగుతూనే ఉంటాయి. కొత్తవి వాటిమీద వచ్చి చేరతాయి. అందుకని అన్ని కావాలి."

"పాతవి ముగించకుండానే కొత్తవి మొదలుపెడతారన్నమాట." ఆయన ఆమెను మొదటిసారి మెచ్చుకోలుగా చూశారు. "మా దగ్గరా అదే పద్ధతి."

పెడల్స్ మూడు, కాళ్ళు రెండు అన్న విషయం మీద ముప్పావుగంట గడిచింది. మూడో పెడల్‌కు మనిషిని కేటాయించే దాకా దాన్ని ఖాళీ పోస్టుగా చూపించాలని నిర్ణయించారు. ఆ తర్వాత శబ్దం విషయం వచ్చింది.

"ఇందులో వినపడేది పెద్ద కచేరీ పియానో శబ్దమేనండీ," అంది టీచరమ్మ. "దాని స్వరాలన్నీ ఒక్కొక్కటే రికార్డు చేసి లోపల పెట్టారు."

"అంటే నకలు."

"అలాగే అనుకోండి."

"నకలు మీద ధ్రువీకరణ సంతకం ఏది?"

సభ్యులు పియానోను బోర్లించి వెతికారు. కంపెనీ మనిషి అడుగున ఉన్న క్రమసంఖ్య చూపించాడు గానీ, అది చదవడానికి వీలుగా ఉండడంతో సంతకంగా పరిగణించడం కుదరలేదు.

ఇక వాయించి చూడడమొక్కటే మిగిలింది. ఆఫీసు ఆవరణలో చప్పుడు నిషేధం కాబట్టి హెడ్‌ఫోన్లతోనే వినాలి. హెడ్‌ఫోన్లు ఒక్కటే జత. అవి అధ్యక్షులవారు పెట్టుకున్నారు. మిగిలిన ఎనిమిదిమంది టీచరమ్మ భుజాలు చూసి సంగీతానికి మార్కులు వేయాలి.

ఆమె మూడో పియానో ముందు కూర్చుంది. రెండు నిమిషాలు వాయిస్తే చాలన్నారు. కానీ వేళ్ళు కదిలాక ఆమెకు సంఘమూ గుర్తులేదు, నిమిషాలూ గుర్తులేవు. గదిలో కర్రమెట్ల టకటక తప్ప ఏమీ వినపడలేదు. సూపరింటెండెంటుగారి కలం కాగితం మీద ఆగిపోయింది. కళ్ళు మూతపడ్డాయి. తొమ్మిది నిమిషాల తర్వాత హెడ్‌ఫోన్లు తీసి, కాసేపు కిటికీలోంచి బయటకు చూసి, అభిప్రాయం గడిలో ఇలా రాశారు: "మనసు నిలిచింది. కారణం తెలియరాలేదు."

మూడో పియానోయే గెలిచింది. బరువు ఎక్కువ కనుక దొంగలు ఎత్తుకుపోవడం కష్టమని పదికి పది. లిఫ్టు ఉంది కనుక మనం ఎత్తడం సులువని మరో పది. సంగీతానికి పదికి మూడు. (భుజాలు బాగా కదిలాయట.)

టీచరమ్మ ఆఫీసు మెట్లు రెండేసి దిగుతూ ఇంటికి పరుగెత్తి, అత్తగారి రెండు చేతులూ పట్టుకుని వంటింట్లో గిరగిరా తిప్పింది. ఆవిడ కళ్ళజోడు ఎగిరి పప్పుడబ్బాలో పడింది.

పియానో వచ్చింది. దానితోపాటు ఉత్తర్వూ వచ్చింది. అత్యధిక మార్కులు సాధించిన ఈ పియానోను ప్రామాణిక నమూనాగా ప్రకటించడమైనది, వాడితే అరిగిపోతుంది కనుక అద్దాలగదిలో ఉంచి తాళం వేయడమైనది. కార్యక్రమానికి తొమ్మిది రోజులుంది. టీచరమ్మ నేరుగా సూపరింటెండెంటుగారి గదికి వెళ్ళింది.

"వాయించనప్పుడు ఎందుకు కొన్నట్టండీ?"

"ఇకమీదట కొనబోయేవాటిని దీనితో పోల్చి చూడాలి కదమ్మా."

"ఇకమీదట కొంటారా?"

"ఎందుకు కొంటాం? మనకు పియానో ఉందిగా." ఆ మాట ఆయన వెటకారంగా అనలేదు. కుర్చీ జరిపి, మంచినీళ్ళు కూడా ఇచ్చారు.

ఆమె ఇంటికొచ్చి అద్దాలగది తాళం సంగతి చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. అత్తగారు ఓదార్చలేదు. ముప్పైరెండేళ్ళు ఆస్పత్రి రికార్డుల గదిలో పనిచేసిన ఆవిడకు కన్నీళ్ళకంటే కాగితాల మీద నమ్మకమెక్కువ. ఉత్తర్వు వెనక కుట్టిన ముప్పైనాలుగు పేజీలూ తెప్పించుకుని, దిండుకు చేరగిలబడి, వేలు తడుపుకుంటూ చదివింది.

"అమ్మాయ్, పంతొమ్మిదో పేజీ చూశావా?"

"లేదత్తయ్యా."

"ప్రామాణిక నమూనాను ఎప్పటికప్పుడు తనిఖీ చేయాలట. ప్రతి మెట్టునూ శబ్దం వచ్చేలా కనీసం ఒకసారి నొక్కాలి. ఏ మెట్టు ముందు, ఏది వెనక, ఎన్నిసార్లు అన్నది తనిఖీ అధికారి ఇష్టం."

టీచరమ్మ లేచి కూర్చుంది.

"తనిఖీ చేసేచోట వెలుతురుండాలి, నేల చదునుగా ఉండాలి. వేదిక చదునే కదూ? సాక్షులు ఇద్దరికి తగ్గకూడదట. ఎంతమందిని మించకూడదో రాయలేదు."

"సాక్షులు నోరు మూసుకుని ఉండాలని ఉందా?"

"వెతికాను. లేదు."

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, పక్కింటివాళ్ళు తలుపు తట్టేదాకా నవ్వారు. మర్నాడు తనిఖీ అధికారి పదవికి వచ్చిన దరఖాస్తు ఒక్కటే. సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది.

ఆదివారం ఉదయం మందిరం గుమ్మం దగ్గర సాక్షుల పట్టికలో నాలుగువందల పన్నెండుమంది సంతకాలు పెట్టి లోపలికి వచ్చారు. వేదిక మీద నలభై ముగ్గురు ప్రధాన సాక్షులు మూడు వరసల్లో నిలబడ్డారు. తనిఖీ అధికారి పియానో ముందు కూర్చుని, ఫారం సర్దుకుని, తనిఖీ మొదలుపెట్టింది.

మొదటి పాటలోనే పాత పియానోలో పలకని ఒక స్వరం వచ్చింది. బృందం అలవాటుగా "ఆ" అనడానికి నోరు తెరిచింది. ఈలోగా పియానో తనంతట తానే పలికేసింది, గుండ్రంగా, తేటగా. నలభై ముగ్గురూ తెరిచిన నోళ్ళు మూయడం మర్చిపోయారు. పళ్ళ డాక్టరు ముందుగా నవ్వాడు. నవ్వు వరసలన్నీ పాకి కిందికి దిగి హాలంతా నిండింది. ఆ నవ్వులోంచే రెండో చరణం లేచింది. కండక్టర్లు కొత్త కప్పు అదిరేలా పాడారు. అత్తగారు ఎన్నడూ అందుకోని పై స్వరాన్ని అందుకుని, దాన్ని వదలడానికి ఒప్పుకోలేదు. టీచరమ్మ పదివేళ్ళూ అటునుంచిటు పరుగెత్తాయి. మూడో పెడల్ కూడా తొక్కింది, ఖాళీ పోస్టని తెలిసినా.

సూపరింటెండెంటుగారు వెనకవరసలో నిలబడి ఫారంలో టిక్కులు పెట్టుకున్నారు. పియానోకున్న ఎనభై ఎనిమిది మెట్లూ ఎప్పుడో పూర్తయ్యాయి. ఆఖరి పాట ఆగాక ఆయన వేదిక దగ్గరకు వచ్చి గొంతు సవరించుకున్నారు.

"నలభై ఒకటో మెట్టు మీద నాకు కొంచెం అనుమానంగా ఉందమ్మా. మళ్ళీ మొదటినుంచి తనిఖీ చేస్తారా?"

ఆమె మరో మూడుసార్లు తనిఖీ చేసింది.

తనిఖీ అధికారి నియామకం వల్ల సంగీతం టీచరు పోస్టు ఖాళీ అయిందని ఆ మర్నాడే గుర్తించి, దరఖాస్తులు పిలిచారు. టీచరమ్మా పెట్టుకుంది. వాయించడం వచ్చునని చెప్పే ఆధారమేదీ దస్త్రంలో లేదని ఆమె దరఖాస్తును మొదటి వడపోతలోనే తీసేశారు.