పిచ్చుక కడుపులో ఐదు బిళ్ల

డబ్బు విలువ తెలియని పౌరుడు ప్రభుత్వానికి భారమనీ, ఆ విలువ బుర్రకెక్కడానికి తగిన వయసు ఆరేళ్లనీ విద్యాశాఖ ఎంతో మథనపడి తేల్చింది. (అంతకన్నా ఆలస్యం చేస్తే పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను చూసి తప్పుగా నేర్చుకుంటారని ఒక ఉపసంఘం హెచ్చరించిందట.) తేల్చిన మర్నాడే ప్రతి ఒకటో తరగతికీ ఒక రేకు డబ్బా, అందులో అసలు సిసలు నాణేలు, వాటికి కాపలాగా ఒక తాళం, తాళానికి కాపలాగా ఒక నాణేల అధికారి మంజూరయ్యారు.

డబ్బా పంతులమ్మ చేతికొచ్చింది. ఆవిడది టెంపరరీ ఉద్యోగం, ఏళ్ల తరబడి టెంపరరీయే. (బడిలో అంతకాలం నిలిచిన తాత్కాలికం ఇంకొక్కటే ఉంది, వరండా మీది రేకులు.) ఇంట్లో కొడుకు కళ్లజోడు మొదలుకొని కారే కొళాయి దాకా ప్రతిదీ "పర్మనెంటయ్యాక చూద్దాం" దగ్గరే ఆగిపోయింది. ఈసారి కాగితం నిజంగానే కదిలింది. షరతులు రెండే. డబ్బాలో ఒక్క బిళ్ల తగ్గకూడదు, నాణేల పరీక్షలో ఒక్క పిల్ల తప్పకూడదు.

పాఠం ఎలా చెప్పాలో శాఖవారు పుస్తకమే అచ్చేశారు. నాణేన్ని పిల్లలు పంచేంద్రియాలతో గ్రహించాలి. మొదటి వారం చూడాలి, తర్వాత తాకాలి, ఆ తర్వాత బల్ల మీద పడేసి చప్పుడు వినాలి, వాసన చూడాలి. ఐదో వారం పేజీ తిప్పేసరికి పంతులమ్మకు అనుమానం వచ్చి అధికారికి ఫోన్ చేసింది.

"రుచి చూడాలి అని ఉంది సార్. పొరపాటున పడిందేమో."

"మేడమ్, ఆ పుస్తకం మీద పదకొండు మంది సంతకాలు పెట్టారు. పొరపాటైతే పదకొండు మందికీ ఒకేసారి జరగాలి. జరుగుతుందా?"

"చిన్నపిల్లలు సార్. నోట్లో పెట్టుకుంటే..."

"కడిగి ఇవ్వండి. శుభ్రత గురించి అందులోనే రాశాం కదా."

కడిగే ఇచ్చింది. కళ్లల్లో వత్తులు వేసుకుని మరీ చూసింది. పిల్లలంతా బిళ్లలు నాకి, మొహాలు చిట్లించి, బుద్ధిగా తిరిగిచ్చేశారు. పిచ్చుక ఇవ్వలేదు. (ఇంట్లో పెట్టిన ముద్దుపేరు అది. తిండి దగ్గర మాత్రం పిచ్చుక లక్షణాలేమీ లేవు.)

"బిళ్ల ఏదమ్మా?"

పిచ్చుక కాస్త ఆలోచించి పొట్ట చూపించింది.

"ఎందుకు మింగావే?"

"డబ్బు భద్రంగా దాచుకోవాలన్నారు కదా టీచర్. బయట పెడితే మీరు తీసేసుకుంటున్నారు."

పాఠాన్ని ఇంత బాగా ఒంటబట్టించుకున్న పిల్ల ఆ తరగతిలో మరొకరు లేరు. అయినా పంతులమ్మ మెచ్చుకోవడానికి ఆగలేదు. పిల్లను చంకనేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. దారి పొడవునా ఆవిడకు ఉద్యోగం గుర్తుకు రాలేదు, ఆ మాత్రం ఆవిడ తరఫున చెప్పుకోవాలి. డాక్టరు ఎక్స్‌రే తీసి, బిళ్ల కడుపులోకి దిగిపోయిందనీ, దానంతటదే బయటికొస్తుందనీ, కంగారేమీ లేదనీ చెప్పాడు. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఉద్యోగం గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే నాణేల అధికారి వచ్చి వాలాడు. ఎక్స్‌రేని కిటికీ వెలుగులో పెట్టి తనివితీరా చూశాడు.

"ఐదు రూపాయల బిళ్లే. కానీ మనదేనని ఏమిటి నమ్మకం?"

పిచ్చుక తల్లి కుట్టుపని సగంలో వదిలేసి వచ్చిన మనిషి. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది. "మా ఇంట్లో ఐదు బిళ్ల కనిపిస్తే మింగేదాకా ఉండదండీ, ఆలోపే ఖర్చయిపోతుంది" అంది.

"నా సొంత బిళ్ల ఒకటి వేసేస్తాను సార్" అంది పంతులమ్మ.

"ప్రభుత్వ నాణెం బదులు ప్రైవేటు నాణెం పెట్టడాన్ని ఏమంటారో తెలుసా మేడమ్?"

తెలియదంది. అతనికీ తెలియదు గానీ, ఏదో ఒకటి అంటారని గట్టి నమ్మకం.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది. బిళ్ల బయటపడేవరకూ పిచ్చుకను అనుబంధ డబ్బాగా పరిగణించాలి. డబ్బాకున్న నిబంధనలన్నీ పిచ్చుకకూ వర్తిస్తాయి. డబ్బాను కుదపరాదు గనుక పిచ్చుక పరుగెత్తరాదు. తలకిందులు చేయరాదు గనుక పిల్లిమొగ్గలు వేయరాదు. రోజూ తూకం వేయాలి. (తాళం వేయాలన్న నిబంధనను మాత్రం శాఖవారు మానవతా దృష్టితో సడలించారు.) బాత్రూముకి వెళ్తే ఆయా వెంట వెళ్లి, వచ్చాక అధికారికి వివరం చెప్పాలి.

మొదట్లో పిచ్చుకకు ఈ వైభవం నచ్చింది. తర్వాత, తోటిపిల్లలు మైదానంలో గోల చేస్తుంటే కుర్చీలో కూర్చుని చూడలేక ముక్కు చీదడం మొదలుపెట్టింది. ఒకరోజు కడుపు పట్టుకుని ఏడ్చింది.

"శుభవార్త" అన్నాడు అధికారి.

పంతులమ్మకు ఒళ్లు మండిపోయింది. "ముందు పిల్ల సంగతి చూడండి సార్."

"పిల్ల మీ పరిధి మేడమ్. నాది బిళ్ల."

పంతులమ్మ ఇంకేదో అనబోయింది. పర్మనెంటు కాగితం అతని సంచిలోనే ఉంది. నోరు మూసుకుని, పిచ్చుకకు గోరువెచ్చటి నీళ్లు తాగించి, పొట్ట నిమురుతూ కూర్చుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పిచ్చుక తల్లి జాకెట్టు ముక్కలో చుట్టిన బిళ్లను తెచ్చి బల్ల మీద పెట్టింది. సబ్బుతో కడిగానని ఒకటికి రెండుసార్లు చెప్పింది. అధికారి దాన్ని తూచి, వెలుగులో తిప్పి, ఊపిరి పీల్చుకున్నాడు. పెద్ద ఆఫీసుకి ఫోన్ చేశాడు. అక్కడ ఎవరో చప్పట్లు కొట్టారు. బిళ్లకు నాలుగు వైపులా ఫోటోలు తీశారు. బిళ్లకేమీ కాలేదని అందరూ సంతోషించారు.

వచ్చిన పని ఎలాగూ అయింది గనుక అధికారి పరీక్ష కూడా ఆరోజే పెట్టేశాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గట్టెక్కారు. చివర పిచ్చుక మిగిలింది.

"రూపాయి బిళ్లా, రెండు రూపాయల బిళ్లా? ఏది ఎక్కువ?"

"రెండు బిళ్ల."

"రెండా, ఐదా?"

"ఐదు."

"భేష్. ఐదు బిళ్ల ఇంకా దేనికంటే ఎక్కువ? నీకు తెలిసింది చెప్పు."

పిచ్చుక అతని వైపు చూసి, "నాకంటే" అంది.

పంతులమ్మ తల దించుకుంది. అధికారి జవాబుల కాగితం వెతికాడు, అందులో లేదు. ఆ వారమంతా జరిగింది మనసులో ఒకసారి సరిచూసుకున్నాడు. సరైన జవాబేనని టిక్కు పెట్టాడు. పంతులమ్మ పర్మనెంటయింది.